శివారు చేలో పండ్ల చెట్లు: మొక్క కంటే ముందు మెరక

మీ ప్రశ్నను క్లుప్తంగా మళ్లీ చెబుతాను, తరవాత చదివేవారికి కూడా పనికొస్తుంది. కోనసీమలోని మలికిపురం దగ్గర, కాలువ నీరు చివరగా చేరే శివారులో ఉన్న 60 సెంట్ల వరి చేనును పండ్ల తోటగా మార్చారు. రెండడుగుల గోతులు తవ్వి, ఇసుక, పశువుల ఎరువు, వేపపిండి కలిపి నింపి, కడియం నర్సరీల నుంచి తెచ్చిన మామిడి, నిమ్మ, పనస, అవకాడో, రంబుటాన్ మొక్కలు జులైలో పెట్టారు. అక్టోబరు వానలకు సగం మొక్కలు వాడిపోయి చనిపోయాయి. మిగిలినవాటికి మే నెలలో ఆకుల అంచులు మాడిపోయాయి. ఎరువు చాలలేదా, రకాలు మార్చాలా, అసలు ఆ నేల పండ్ల చెట్లకు పనికిరాదా అని అడిగారు.

సూటిగా చెబుతాను. ఎరువు లోపం కాదు. నేల పనికిరానిదీ కాదు. అక్టోబరులో పోయిన మొక్కలు వేళ్లకు ఊపిరాడక పోయాయి. మేలో మాడినవి ఉప్పు వల్ల మాడాయి. రెండింటికీ వైద్యం ఒక్క చోటే మొదలవుతుంది: మొక్క గోతిలో ఉండకూడదు. చేను మట్టం కంటే రెండు మూడు అడుగుల ఎత్తున కట్టిన దిబ్బ మీద ఉండాలి. ఆ దిబ్బ పక్క నుంచి నీరు బయటికి పోయే దారి ఉండాలి. ఆ పని అయ్యాక సపోటా, జామ, నేరేడు, పంపర పనస, కొబ్బరి ధైర్యంగా పెట్టుకోవచ్చు. మామిడి, నిమ్మ జాగ్రత్తగా పెంచుకోవచ్చు. పనసకు చేనులో ఉన్నంతలో అన్నిటికంటే మెరక చోటు ఇవ్వాలి. అవకాడో, రంబుటాన్ మాత్రం ఆ చేలో వద్దు.

నేను కోనసీమలో అంట్లు కట్టడం, తోటలు వేయించడం వృత్తిగా చేసుకున్నవాణ్ని. కింద చెప్పేదంతా ఈ లంకల్లో (గోదావరి పాయల మధ్య దీవుల్లో), శివారు చేలల్లో చూసినదీ చేయించినదీ.

ముందు ఒక పరీక్ష. చనిపోయిన మొక్క ఒక్కటైనా పీకకుండా మిగిలి ఉంటే, పక్క నుంచి పారతో మట్టి తీసి వేళ్లు చూడండి. సన్నటి వేరును రెండు వేళ్ల మధ్య పట్టుకుని మెల్లగా లాగండి. పైతొక్క జారి చేతిలోకి వచ్చి, లోపలి నార మాత్రం మట్టిలో మిగిలిపోతే అది నీటిలో చనిపోయిన వేరు. అక్కడి మట్టి గోధుమ రంగులో ఉండదు, నీలం కలిసిన బూడిద రంగులో ఉంటుంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే కుళ్లిన గుడ్డు వాసన వస్తుంది. నీరు లేక ఎండిన మొక్క వేరు ఇలా ఉండదు. తొక్క అంటిపెట్టుకునే ఉంటుంది, వంచితే పుటుక్కున విరుగుతుంది.

ఈ తేడా ఎందుకు ముఖ్యమంటే, పైకి రెండు మొక్కలూ ఒకేలా కనిపిస్తాయి. వేరుకు గాలి కావాలి. మట్టి రేణువుల మధ్య ఖాళీలన్నీ నీటితో నిండిపోతే గాలి ఉండదు, వేరు పని మానేస్తుంది. చుట్టూ నీరున్నా మొక్క తాగలేదు, ఆకు వాడిపోతుంది. వాడిన ఆకును చూసి ఇంకో బిందె నీళ్లు పోసేవారిని ఎంతోమందిని చూశాను. ఆ బిందెతో మొక్క పని పూర్తవుతుంది. బలహీనపడిన వేళ్లను ఫైటాఫ్తోరా అనే, శిలీంధ్రాన్ని పోలిన వేరుకుళ్లు సూక్ష్మజీవి పట్టుకుంటుంది. మందు పోసినా నీరు దిగనంతవరకు అది వదలదు.

ఇక గొయ్యి సంగతి. పుస్తకాల్లో రాసే మూడడుగుల గొయ్యి కొలత నీరు ఇంకిపోయే ఎర్ర నేలలకు, మెట్ట ప్రాంతాలకు సరిపోతుంది. మన నల్ల బంకమట్టిలో తవ్విన గొయ్యి అడుగున చిల్లు లేని కుండ. లోపల గుల్ల మట్టి, ఇసుక నింపితే చుట్టుపక్కల నీరంతా ఆ గుల్లలోకే చేరుతుంది, చేరిన నీరు బయటికి పోదు. ఇసుక ఎంత ఎక్కువ కలిపితే అంత ఎక్కువ నీరు పడుతుంది. దానికి తోడు మీది ఏళ్ల తరబడి దమ్ము చేసిన వరి చేను. దమ్ము చేసినప్పుడల్లా నాగలి, ట్రాక్టరు చక్రం దిగిన లోతుకు కింద ఒక గట్టి పొర ఏర్పడుతుంది. వరికి అది మేలు, నీరు నిలుస్తుంది. చెట్టుకు అదే హాని.

ఊట (నేల కింది నీటి మట్టం) ఎక్కడుందో చూడకుండా ఒక్క మొక్క కూడా కొనవద్దు. అక్టోబరు చివర, వానలు గట్టిగా పడి రెండు రోజులు తెరిపి ఇచ్చాక, చేనులో మూడు చోట్ల నాలుగడుగుల లోతు సన్నని గోతులు తీయండి. ఒకటి పల్లంలో, ఒకటి మెరకలో, ఒకటి పక్కవారి వరి గట్టును ఆనుకుని. ఒక రాత్రి వదిలేసి, పొద్దున నేల మట్టం నుంచి నీరు ఎంత కింద ఉందో కర్రతో కొలవండి. నాలుగడుగుల లోపల నీరు కనిపించకపోతే మీరు అదృష్టవంతులు, అడుగున్నర దిబ్బ చాలు. రెండడుగుల దగ్గర ఉంటే మూడడుగుల దిబ్బ కావాలి. అడుగు లోపే ఉంటే విడి దిబ్బలతో పని జరగదు. చేను మొత్తాన్ని పొడవాటి గట్లుగా, వాటి మధ్య నీరు పోయే బోదెలుగా (పిల్ల కాలువలుగా) మార్చాల్సిందే.

పక్కవారి గట్టు దగ్గర కొలవమన్నది ఊరికే కాదు. మీరు వరి మానేసినా చుట్టూ సార్వా (వానాకాలం వరి), దాళ్వా (రెండో పంట వరి) పండిస్తున్నంతకాలం వాళ్ల చేలలో నిలిచిన నీరు గట్టు కింది నుంచి మీ చేలోకి ఊరుతూనే ఉంటుంది. ముమ్మిడివరం వైపు ఒక తోటలో మిగతా వరుసల్లో సపోటాలు దిట్టంగా ఉండి, పక్క చేను గట్టును ఆనుకున్న మొదటి రెండు వరుసలు మాత్రం ఏటా పసుపుబారేవి. గట్టు వెంబడి రెండున్నర అడుగుల లోతు బోదె తీసి మురుగు కాలువకు కలిపించాం. ఆ తరవాతి వానాకాలానికి ఆ వరుసల్లో కొత్త చిగురు వచ్చింది. ఎరువు మార్చలేదు, మందు కొట్టలేదు.

బోదె తీస్తే సరిపోదు, నీరు ఎక్కడికి పోతుందో చూసుకోవాలి. సముద్రం దగ్గరి మండలాల్లో మురుగు కాలువలకు పోటు తగులుతుంది. అమావాస్యకు, పౌర్ణమికి పోటు పెద్దగా ఉన్నప్పుడు కాలువ నీరు వెనక్కి ఎగదన్నుతుంది. వేసవిలో అది ఉప్పునీరు. మీ బోదె నేరుగా డ్రెయిన్‌లో కలిస్తే ఆ ఉప్పును మీరే తోటలోకి పిలిచినట్టు. బోదె మూతి దగ్గర తూము వేసి పలక అడ్డం పెట్టుకోండి. పోటు వేళ మూయండి, పాటు వేళ తీయండి. శ్రమే, కానీ శివారు చేలో తోట పెంచేవారికి ఇది తప్పదు. 2011లో కోనసీమ రైతులు సార్వా వేయకుండా పంట విరామం పాటించినప్పుడు చెప్పుకున్న బాధల్లో ఈ మురుగు కాలువల దుస్థితి కూడా ఒకటి. డ్రెయిన్ పూడిపోయి ఉంటే మీ ఒక్క తోట బోదె ఎంత బాగా తీసినా ప్రయోజనం సగమే. ఊరివారితో కలిసి పూడిక తీయించుకోవడం మొక్కలు కొనడం కంటే ముందు పని.

దిబ్బ ఎలా కట్టాలో కొంచెం వివరంగా రాస్తాను, చాలామంది ఇక్కడే డబ్బు పోగొట్టుకుంటారు.

కాలువలు కట్టేసి చేలు ఎండిన ఏప్రిల్, మే నెలల్లో మొదలుపెట్టండి. ముందు గట్టి పొరను గునపంతోనో, లోతు దుక్కితోనో పగలగొట్టాలి. దాని మీద దిబ్బ పోయాలి. అడుగున ఏడెనిమిది అడుగుల వెడల్పు, పైన నాలుగడుగులు, ఎత్తు మీ ఊటను బట్టి. మట్టి వీలైనంతవరకు మీ చేను పైమట్టే వాడండి. బోదెల కోసం తవ్విన మట్టిలో పై అడుగు దిబ్బకు పనికొస్తుంది. అంతకంటే లోతు నుంచి వచ్చే జిగట నీలి మట్టిని గట్టు బాటలకు వాడుకోండి. బయటి నుంచి తోలించాల్సి వస్తే లంక ఒండ్రు మట్టి మేలు. రొయ్యల చెరువు అడుగు మట్టి ఎంత చవకగా ఇచ్చినా వద్దు. నల్లగా, కండగా కనిపిస్తుంది కానీ ఉప్పు నిండి ఉంటుంది. ట్రాక్టరు దించకముందే గుప్పెడు మట్టిని నీటిలో కలిపి, తేరిన నీటిలో ఉప్పు ఎంతుందో ఈసీ మీటరుతో చూడండి.

దిబ్బ మీద పచ్చిరొట్ట పైరు జీలుగ చల్లి ఒక వానాకాలం వదిలేయండి. కొత్త మట్టి బాగా కుంగుతుంది, మూడడుగులు పోస్తే రెండడుగుల పైచిలుకు మిగులుతుంది. కుంగకముందే మొక్క పెడితే అంటు అతుకు మట్టిలో కూరుకుపోతుంది, మొదలు కుళ్లుతుంది. జీలుగ పూతకు రాకముందే కోసి అక్కడే పరిచేయండి. తుపానుల ఉద్ధృతి తగ్గాక, డిసెంబరు మొదలుకొని సంక్రాంతి లోపల మొక్క పెట్టండి. చాలామంది జులైలో పెడతారు. మెట్టలో అది సరైన కాలమే. పల్లపు డెల్టాలో మాత్రం జులైలో పెట్టిన మొక్క వేరు సాగకముందే అక్టోబరు నీటిలో చిక్కుతుంది. సంక్రాంతికి పెట్టినదానికి దాళ్వా నీళ్లున్నన్నాళ్లు తడి దొరుకుతుంది, మళ్లీ వానలు ముదిరేలోపు ఆరేడు నెలలు వేరు విస్తరించుకునే వీలుంటుంది. రెండో ఏడు, మూడో ఏడు దిబ్బకు దిబ్బకు మధ్య మట్టి పోసి వరుసను గట్టుగా కలిపేయండి. పాత కొబ్బరి తోటల్లో గట్టు, బోదె, గట్టు అని పెద్దలు వేసిన పద్ధతి ఇదే.

ఇప్పుడు మే నెలలో మాడిన ఆకుల సంగతికి వస్తాను. ధవళేశ్వరం నుంచి వచ్చే కాలువ నీరు ఆగిపోయాక శివారులో నేలను కడిగే మంచినీరు ఉండదు. ఎండకు నేల పైపొర ఆరుతుంటే కింది ఉప్పు ఊట మట్టి సందుల గుండా పైకి ఎక్కుతుంది. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగులుతుంది. ముదురు ఆకుల కొనల దగ్గర మొదలై అంచుల వెంట లోపలికి పాకే గోధుమ రంగు మాడు దాని గుర్తు. పొటాష్ లోపానికీ అంచులు మాడతాయి. అందుకే దుకాణంలో అడిగితే మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ ఇస్తారు. అందులో ఉన్నది క్లోరైడు, ఉప్పుతో మాడే మొక్కకు ఇంకొంచెం ఉప్పు పెట్టినట్టు. మీ నేలలో పొటాష్ అవసరమైతే సల్ఫేట్ ఆఫ్ పొటాష్ రూపంలోనే వేయండి. ధర ఎక్కువే, అయినా అదే.

జిప్సం వేయమని మీకు ఎవరో చెప్పారని రాశారు. ఏ చౌడో తెలియకుండా వేయకండి. ఎండాకాలం నేల మీద తెల్లటి పొర కడితే అది పాల చౌడు. దానికి మంచినీటితో కడగడం, ఆ కడిగిన నీరు బయటికి పోయేలా చూడటమే వైద్యం, జిప్సం దాన్ని తీయలేదు. నేల నల్లగా జిడ్డుగా ఉండి, తడిస్తే జారుతూ, ఆరితే రాయిలా బిగిసిపోయి, ఉదజని సూచిక (pH) 8.5 దాటితే అది కారు చౌడు. దానికి జిప్సం పనిచేస్తుంది, అదీ తరవాత నీటితో కడిగితేనే. మట్టి పరీక్ష చేయించుకుంటే రెంటిలో ఏదో తేలిపోతుంది.

నీటిని కూడా పరీక్షించాలి. తీరం దగ్గర మంచినీరు తేలికపాటి పొరగా పైన ఉంటుంది, ఉప్పునీరు కింద ఉంటుంది. అందుకే లోతు బోరు కంటే ఇసుక పొరలోకి తక్కువ లోతు దించే గొట్టపు బావి, అంటే ఫిల్టర్ పాయింటు మేలు, అదీ ఒక్కసారిగా గంటల తరబడి తోడకుండా కొంచెం కొంచెంగా. ఫిల్టర్ పాయింటు నీటి ఈసీ (విద్యుత్ వాహకత, నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత) మే నెలలో చూడండి. నేను పాటించే లెక్క ఇది: 1 మిల్లీమో లోపు ఉంటే అవకాడో లాంటి మరీ సున్నితమైనవి తప్ప ఏదైనా పెట్టుకోవచ్చు. 1 నుంచి 2 మధ్య ఉంటే మామిడి, నిమ్మ, అరటి కష్టపడతాయి. 3 దాటితే కొబ్బరి, సపోటా, రేగు తప్ప నేను వేయించను. రొయ్యల రైతుల దగ్గర ఉండే సెలైనిటీ మీటరుతో చూడకండి. అది చెరువుల కోసం చేసిన పరికరం, అందులో ఒక్క గీత కదలాలంటేనే ఈసీ దాదాపు 2 ఉండాలి. అది సున్నా చూపించిన నీటికి మామిడి ఆకు మాడిపోవచ్చు.

వేసవిలో చేయాల్సింది రెండే. కొబ్బరి డొక్కలు, ఆకులు, గడ్డి, ఏది దొరికితే అది దిబ్బ మీద అర అడుగు మందాన కప్పండి, మొదలుకు తగలకుండా. నేల ఆరకపోతే ఉప్పు పైకి ఎక్కదు. రెండోది, డ్రిప్పు ఉన్నవారు తప్పక గుర్తుంచుకోవాల్సింది: తడి ఆగిన అంచు దగ్గర ఉప్పు ఉంగరంలా పేరుకుని ఉంటుంది. జూన్‌లో పడే మొదటి చిన్న జల్లు ఆ ఉప్పును కరిగించి నేరుగా వేళ్ల మీదికి తోస్తుంది. తొలి జల్లులు పడుతున్నాయని డ్రిప్పు ఆపకండి, గట్టి వాన పడి నేల కడిగేవరకు నడపండి. కాలువలు వదిలాక ఒకటి రెండుసార్లు దిబ్బలను పైనుంచి బాగా తడిపి ఉప్పును బోదెలోకి దింపేయండి.

ఇక చెట్ల ఎంపిక. మీ చేనుకు అన్నిటికంటే ముందు చెప్పేది సపోటా. ఉప్పును, గాలిని, తేమను తట్టుకోవడంలో మన పండ్ల చెట్లలో దానికి సాటి తక్కువ. ద్వారపూడి, పాల, కాలిపట్టి, క్రికెట్ బాల్ రకాలు దొరుకుతాయి. నా ఓటు పాలకు, కాలిపట్టికి. కొనేటప్పుడు అంటు అతుకు కింద చూడండి. సపోటాను పాల చెట్టు (ఖిర్నీ) మొక్క మీద కట్టాలి, ఇది పైన చెప్పిన పాల రకం సపోటా కాదు, వేరే చెట్టు. అతుకు కింద నుంచి చిన్న కొమ్మ వచ్చి ఉంటే దాని ఆకు చెప్పేస్తుంది: పాల ఆకు చిన్నగా, మందంగా, కొన దగ్గర గుండ్రంగా ఉండి మధ్యలో చిన్న నొక్కు ఉంటుంది, సపోటా ఆకు కొన కోసుగా ఉంటుంది. ఆ కొమ్మను మొదట్లోనే తుంచేయాలి, లేకపోతే పైఅంటును తినేస్తుంది.

జామ రెండోది. కొన్ని రోజులు మొదట్లో నీరు నిలిచినా నిలబడుతుంది, తుపానుకు కొమ్మలు విరిగినా మొదలు నుంచి చిగురిస్తుంది. లక్నో-49, అలహాబాద్ సఫేదా పాత నమ్మకస్తులు. తైవాన్ రకాలు త్వరగా కాస్తాయి కానీ కత్తిరింపు, కాయ సంచులు, పండు ఈగ కాపలా అన్నీ కావాలి. కొబ్బరి మీది సర్పిలాకార తెల్లదోమ జామకూ వస్తుంది, ఆకులు మసి పడతాయి. వెంటనే పురుగుమందు జోలికి పోకుండా ఆకుల అడుగుభాగం గట్టి నీటి ధారతో కడిగి, వేపనూనె వాడండి. దాన్ని తినే మిత్రపురుగులు చావకుండా ఉంటాయి.

నేరేడు నీటిని బాగా ఓర్చుకుంటుంది, బోదె చివర పల్లపు మూలకు అదే సరైనది. పెద్దదవుతుంది, పెళుసు కొమ్మ, ఇంటికి దూరంగా పెట్టండి. రేగు, ఉసిరి చౌడుకు భయపడవు. పంపర పనస కోనసీమ పెరళ్లలో పాత చుట్టం, వినాయక చవితికి గిరాకీ ఉంటుంది. నిమ్మ కంటే నీటికి ఓర్పు ఎక్కువని నా అనుభవం. నిమ్మ కావాలంటే రంగపూర్ నిమ్మ మీద కట్టిన అంటు అడగండి. అతుకు నేలకు అడుగు ఎత్తున ఉండాలి, మొదట్లో నీరు తగిలితే జిగురు కారి చస్తుంది. అరటిలో చక్కెరకేళి జోలికి పోకండి, బొంత మీ చేలో ఆగుతుంది. బొప్పాయి ఒకటి రెండు రోజులు నీటిలో నిలిస్తే చాలు పోతుంది, ఆశ పెట్టుకోవద్దు.

మామిడి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, అందరికీ దాని మీదే మనసు. మామిడి బతకడం వేరు, పూయడం వేరు. పూత రావాలంటే నవంబరు, డిసెంబరుల్లో చలితో పాటు నేల ఆరి చెట్టు కొంత బిగబట్టాలి. కింద ఊట ఉన్న చేలో చెట్టుకు ఆ విరామమే ఉండదు, చలికాలంలోనూ ఆకుల చిగురే వేస్తుంది. ఎత్తు దిబ్బ మామిడికి ప్రాణం కాపాడటంతో పాటు పూతను కూడా ఇస్తుంది. అక్టోబరు తరవాత నీరు, నత్రజని ఎరువు ఆపేయండి. పిందె బఠాణీ గింజంత అయ్యాక మళ్లీ తడి ఇవ్వండి. పూత కోసం పాక్లోబ్యూట్రజాల్ పోయమంటారు. లేత చెట్టుకు, ఉప్పుతో బాధపడుతున్న చెట్టుకు అది వద్దు. రకాల్లో ఇంటి కోసం కొత్తపల్లి కొబ్బరి ఒకటి, ఊరగాయకు, పండుకు రెండింటికీ పనికొచ్చే చెట్టు. దానితో పాటు ఒక రసం రకం మామిడి. అంతకుమించి మీ చేలో మామిడి పెంచకండి. పెద్ద మామిడి తోట చోటు రాజమహేంద్రవరం అవతలి మెట్ట.

అవకాడో ఎందుకు వద్దన్నానంటే, వేరుకుళ్లుకు, క్లోరైడుకు రెండింటికీ అంత లొంగిపోయే పండ్ల చెట్లు చాలా అరుదు. పైగా నర్సరీల్లో ఎక్కువగా అమ్మే హాస్ చల్లటి కొండ వాతావరణం కోరుకునే రకం. అవకాడోల్లో వెస్టిండియన్ జాతి వేడినీ ఉప్పునూ కాస్త ఎక్కువ ఓర్చుకుంటుంది. అదీ కొత్తపేట, ఆత్రేయపురం వైపు నీరు ఇంకే తేలిక ఒండ్రు నేలల్లో, ఎత్తు గట్టు మీద చూడదగ్గది, మీ శివారులో కాదు. రంబుటాన్, మాంగోస్టీన్‌లకు కొబ్బరి నీడ, గాలిలో తేమ ఇక్కడ దొరుకుతాయి, కానీ వేసవిలో కూడా తియ్యటి నీరు కావాలి. అది మీ దగ్గర లేదు. లీచీ డెల్టాలో చెట్టుగా పెరుగుతుంది, పూతకు కావలసిన చలి లేక కాయదు.

గాలి సంగతి కూడా మాట్లాడుకోవాలి. 1996 నవంబరు 6 తుపాను కోనసీమ కొబ్బరి తోటలను ఎలా పడగొట్టిందో చూసినవారికి చెప్పనక్కరలేదు. తడి నేలలో వేరు లోతుకు పోదు కాబట్టి మన చెట్లు తేలిగ్గా పడతాయి. నాలుగు పనులు చేస్తే నష్టం తగ్గుతుంది. మొదటిది నర్సరీలోనే: సంచి అడుగున తల్లివేరు గుండ్రంగా చుట్టుకున్న మొక్కను కొనవద్దు. సంచి అడుగు చింపి చూపించమని అడగండి. ఆ చుట్ట నేలలో కూడా విప్పుకోదు, చెట్టు అయిదారేళ్లు పెరిగి కాపుకొచ్చాక గాలికి మొదలంటా తిరిగి పడుతుంది. రెండోది, మామిడికి నేను నమ్మే పద్ధతి: టెంక మొక్కను దిబ్బ మీదే పెంచి, అక్కడే అంటు కట్టించడం. తల్లివేరు తెగదు, పట్టు బాగుంటుంది. మూడోది, మామిడి, సపోటా, జామలను మొదటి ఏడే రెండున్నర అడుగుల దగ్గర తుంచి పక్క కొమ్మలు వేయించి, 12 అడుగులు దాటనీయకుండా ఉంచడం. నాలుగోది, సముద్రం వైపు రెండు వరుసల సరుగుడు. గాలిని పూర్తిగా ఆపే గోడ అక్కరలేదు, జల్లెడ పట్టినట్టు ఆపితే చాలు. గోడ కడితే దాని వెనక గాలి సుడి తిరుగుతుంది.

తుపానుకు ఒరిగిన చెట్టును మట్టి మెత్తగా ఉన్న రెండు మూడు రోజుల్లోనే లేపాలి. బయటపడ్డ వేళ్లు ఆరిపోకుండా తడి గోనె కప్పండి, నలిగిన వేళ్లను శుభ్రంగా కోసి, కొమ్మల్లో మూడో వంతు తీసేసి, కోతలకు బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూసి, రెండు వైపులా గెడలు కట్టండి. ఉప్పునీరు ఎక్కి ఉంటే ముందు మంచినీటితో కడగడమే, కొత్త చిగురు వచ్చేవరకు ఎరువు వేయవద్దు.

లంక భూముల వారు కూడా అడుగుతుంటారు కాబట్టి ఒక్క మాట. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకు చేరినప్పుడు లంకలు రోజుల తరబడి మునిగాయి. పారే నీటిలో కొంత గాలి ఉంటుంది, ఎదిగిన సపోటా, జామ చాలావరకు తట్టుకున్నాయి. చెట్లను చంపింది తరవాత మొదట్లో పేరుకున్న ఒండ్రు. వరద తీయగానే మొదలు చుట్టూ ఆ మట్టిని పాత మట్టం వరకు తీసేయాలి.

మీరు ఇప్పుడు చేయాల్సింది ఇది. బతికి ఉన్న మామిడి, నిమ్మ మొక్కలను ఈ డిసెంబరులో, చిగురు లేని సమయం చూసి, పెద్ద మట్టిగడ్డతో సహా లేపి దిబ్బ మీదికి మార్చండి. అందుకు ఒక నెల ముందే చుట్టూ పారతో వేళ్లు కోసి ఉంచితే గడ్డలోపల కొత్త వేళ్లు పుడతాయి. పాత దిబ్బలు లేవు కాబట్టి ఈ ఒక్కసారికి నిరుడు తీసిన గట్టు మట్టి, అంటే అప్పటికే కుంగిన మట్టి వాడండి. పనసను లేపితే బతకదు. ఉన్నచోటే చుట్టూ నాలుగడుగుల అవతల బోదె కోసి వదిలేయండి, నిలబడితే నిలబడుతుంది. కొత్త మొక్కలు వచ్చే ఏడాదికే. అక్టోబరు చివర మూడు గోతుల్లో ఊట లోతు, మే నెలలో ఫిల్టర్ పాయింటు నీటి ఈసీ, మట్టి పరీక్షలో వచ్చిన ఉదజని సూచిక, ఇవి ఇక్కడ రాయండి. దిబ్బ ఎత్తు ఎంత ఉండాలో, ఏ వరుసలో ఏ చెట్టు పెట్టాలో ఆ అంకెలు చూసి చెబుతాను.